అటక మీది పెట్టె వయసెంత?

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మూల నుంచి బయటపడుతుందది. మూరెడు ఎత్తు, రెండు మూరల పొడుగు, ఇద్దరు చెరోవైపు పడితేగానీ లేవనంత బరువు. మూత ఎత్తగానే తుప్పు వాసన, నూనె వాసన, ఎండిన చెక్క వాసన కలిసి గుప్పుమంటాయి. లోపల నాలుగు ఉలులు, పిడి ఊడిన బాడిస, పళ్లరిగిన రంపం, మడతలు విప్పే కొలబద్ద...

‘‘ఇదెవురిది జేజీ?’’

‘‘మా మామది నాయనా... మీ అబ్బ వాళ్ల నాయనది. తెల్లదొరల కాలంది.’’

అంతే! ఆ ఒక్క మాటతో పెట్టె వయసు రెండొందల ఏళ్లయి కూర్చుంటుంది. వారం తిరక్కుండా పాత సామాన్లు కొనే ఆసామి గుమ్మంలోకొస్తాడు. చేత్తో అటూ ఇటూ తట్టి పెదవి విరుస్తాడు. ‘‘ఏముందమ్మా ఇందులో, ముప్పయ్యేళ్ల పెట్టె. కట్టెల ధర కట్టిస్తా’’ అంటాడు. జేజి మాట నిజమా, ఆసామి మాట నిజమా?

ఇద్దరిదీ కాకపోవచ్చు. అసలు నిజం తెలిసింది పెట్టెకే. చెన్నేకొత్తపల్లిలోనో, ధర్మవరంలోనో, పెనుకొండలోనో ఒక ఇంట్లో ఇలాంటి పెట్టె దొరికిందనుకుందాం. దాని చేత నిజం చెప్పించడం ఎలాగో చూద్దాం.

తుడిచారో... పోయింది!

పాత పెట్టె కనిపించగానే ఎవరైనా చేసే మొదటి పని గుడ్డ పెట్టి తుడవడం. రెండోది గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ పూయడం. పెట్టె తళతళలాడుతుంది. దాని చరిత్ర మాత్రం దుమ్ముతోపాటు చేటలోకి వెళ్లిపోతుంది.

ఎందుకంటే వడ్రంగి పెట్టెలో మురికి కూడా సాక్ష్యమే. మూలల్లో పేరుకున్న రంపపు పొట్టు ఏ కలపదో తెలిస్తే ఆ మనిషి ఏం పనిచేసేవాడో తెలుస్తుంది. తుమ్మ పొట్టయితే బండ్లు, మడకలు చేసి ఉండొచ్చు. టేకు పొట్టయితే తలుపులు, కిటికీలు. ముందు పలక మధ్యలో నల్లబడిన మచ్చ కనిపిస్తే గోకకండి. ఏటా ఆయుధపూజకు పెట్టిన పసుపు కుంకుమలు పొర మీద పొర పేరుకుని అలా మారతాయి. పనిముట్టును తొక్కని, తాళం తీసేముందు కళ్లకద్దుకునే ఇంట్లో ఆ మచ్చ ఒక మనిషి పనిచేసిన ఏళ్ల లెక్క.

కాబట్టి ముందు ఫొటోలు. మూత మూసి, తెరిచి, తిరగేసి, ప్రతి మేకు తలా కనిపించేలా. ఏ పనిముట్టు ఏ అరలో ఉందో రాసుకున్నాకే బయటికి తీయాలి. చెదలు కనిపిస్తే మాత్రం మొహమాటం అక్కర్లేదు. పెట్టెను గోడకు దూరంగా రాళ్ల మీద ఎత్తి పెట్టడం ఆ రోజే చేయాల్సిన పని.

ముగ్గురు వడ్రంగులు, మూడు రకాల పెట్టెలు

ఈ చుట్టుపక్కల వడ్రంగి పనికి మూడు దారులుండేవి. మొదటిది సేద్యం. సి.కె.పల్లి చుట్టూ వేరుశనగ చేలు. మడక, గొర్రు, గుంటక, బండి చక్రం... అన్నీ కొయ్యవే. ఊరి వడ్రంగి ఆయగాళ్లలో ఒకడు. ఏడాదంతా రైతుల పని చేసిపెట్టి, కళ్లంలో గింజలు కొలిపించుకునేవాడు. ఇలాంటి పనివాడికి పెద్ద పెట్టె ఉండాలనేం లేదు. బాడిస భుజాన వేసుకుని, మిగతావి గోనెసంచిలో చుట్టుకుని చేను దగ్గరికే వెళ్లేవాడు. ఒకవేళ పెట్టె ఉన్నా అది నేరుగా మేకులు కొట్టి, మూలలకు ఇనుప పట్టీలు బిగించిన మోటు పెట్టె.

రెండోది ధర్మవరం మగ్గం. పట్టుచీర నేసేది నేతగాడే అయినా మగ్గం కొయ్య చెక్కేది వడ్రంగి. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా పోగు తెగుతుంది. మగ్గం పనివాడి పెట్టెలో సన్నటి ఉలులు, చిన్న రంపాలు, ఆకురాళ్లు ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

మూడోది రైలు. 1890ల తొలినాళ్లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు మీటర్ గేజ్ పట్టాలు పడ్డాయి. పాకాల నుంచి వచ్చే దారి కూడా కలవడంతో ధర్మవరం జంక్షనైంది. స్టేషన్లు, బోగీలు, సిగ్నళ్లు, క్వార్టర్లు... ఎక్కడ చూసినా కొయ్యపనే. రైల్వేలోనూ, ప్రభుత్వ పనుల్లోనూ దొరల పద్ధతి నేర్చిన వడ్రంగులు ఇంగ్లిషు తరహా పెట్టె కట్టేవారు. లోపల ఒకదాని మీద ఒకటి జారే అరలు, మూత లోపల రంపాలు తగిలించే కొక్కేలు, మూలల్లో డోవ్‌టెయిల్ అతుకు... రెండు చేతుల వేళ్లు ఒకదాన్లో ఒకటి దూర్చినట్టు పలకల అంచులు పళ్లుపళ్లుగా కలిసిపోయే అతుకు అది.

పనిముట్లు కూడా ఈ తేడా చెబుతాయి. మన పాతకాలపు వడ్రంగి నేలమీద కూర్చుని, కొయ్యను పాదంతో అదిమిపట్టి పనిచేసేవాడు. అతని రంపం పళ్లు తనవైపు లాక్కునేటప్పుడు కోసేలా ఉంటాయి. బల్ల ముందు నిలబడి పనిచేసే ఇంగ్లిషు పద్ధతిలో ముందుకు తోసేటప్పుడు కోస్తాయి. రంపం పళ్లు ఎటు వాలాయో వేలితో తడిమితే చాలు, ఆ మనిషి కూర్చున్నాడో నిలబడ్డాడో తెలిసిపోతుంది!

చేత్తో చేస్తే పాతదేనా?

ఇక అసలు ప్రశ్న... వయసు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

పాత ఫర్నిచర్ గురించి ఇంగ్లండు, అమెరికాల్లో రాసిన పుస్తకాలు తిరగేస్తే కొన్ని లెక్కలు కనిపిస్తాయి. నలుపలకల మేకు, కొలిమిలో సాగగొట్టింది అయితే చాలా పాతది. యంత్రం కోసిన మేకయితే ఆ తర్వాతది. గుండ్రటి తీగ మేకయితే 19వ శతాబ్దం చివరిది లేదా ఇంకా కొత్తది. పలక మీద రంపపు గీతలు ఎగుడుదిగుడుగా, ఏటవాలుగా ఉంటే ఇద్దరు మనుషులు పైనొకరు కిందొకరు నిలబడి కోసిన పలక. విల్లులా వంపు తిరిగి ఉంటే యంత్రపు చక్రరంపం కోసింది.

లెక్క బాగానే ఉంది. కానీ దాన్ని సి.కె.పల్లికి అలాగే తెస్తే పప్పులో కాలేసినట్టే. ఇంగ్లండులో యంత్రం వచ్చాక చేతిమేకు మూలపడింది. మన పల్లెల్లో కమ్మరి కొలిమి 20వ శతాబ్దంలోనూ మేకులు సాగగొడుతూనే ఉంది. దుంగలను చేతిరంపంతో కోసేవాళ్లూ ఉన్నారు. అంటే చేతిమేకు కనబడగానే రెండొందల ఏళ్లని చంకలు గుద్దుకోవడానికి లేదు. అది 1820 నాటిదీ కావచ్చు, 1940 నాటిదీ కావచ్చు.

మరి దేన్ని నమ్మాలి? పాతవాటిని కాదు, కొత్తవాటిని! పాత మేకును కొత్త పెట్టెకు కొట్టొచ్చు. అప్పటికి పుట్టని మేకును మాత్రం ఎవరూ కొట్టలేరు. అందుకే పెట్టె కట్టిన రోజున పడిన భాగాల్లో అన్నిటికంటే చిన్న వయసు దేనిదో, పెట్టె దానికంటే ముందుది కాలేదు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఉదాహరణకు మడతబందుల స్క్రూలు. ఒకటి జాగ్రత్తగా విప్పి చూడండి. 19వ శతాబ్దం తొలి సగంలో స్క్రూ మొన మొండిగా ఉండేది. ముందుగా బెజ్జం వేస్తేగానీ దిగేది కాదు. సూదిమొన స్క్రూలను పెద్దఎత్తున చేసే అమెరికా పేటెంటు హక్కును బర్మింగ్‌హామ్‌లోని నెటిల్‌ఫోల్డ్ కంపెనీ 1854లో కొనుక్కుంది. ఆ తర్వాతే అవి లోకమంతా పాకాయి. కాబట్టి మన పెట్టె బందులకు సూదిమొన స్క్రూలుంటే, అవి మొదటినుంచీ ఉన్నవే అయితే, జేజి చెప్పిన రెండొందల ఏళ్లు అక్కడే కొట్టుకుపోయాయి!

‘మొదటినుంచీ ఉన్నవే అయితే’ అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తాళం గొళ్లేనికి కూడిక గుర్తు తల స్క్రూలు కనిపించాయనుకోండి. అవి అమెరికాలో 1930లలో పుట్టాయి. మన ఊళ్ల కొట్లలోకి ఇంకెప్పుడో వచ్చాయి. అంతమాత్రాన ఆసామి మాటే నిజమనుకోకూడదు. గొళ్లెం పక్కన పలకను తేరిపార చూడాలి. ఇనుము, టేకు కలిసి ఉన్నచోట ఏళ్ల తరబడి నల్లటి మరక పడుతుంది. గొళ్లెం పక్కన ఖాళీ బెజ్జాలు, వాటిచుట్టూ నల్లటి వలయాలు ఉంటే కొత్త గొళ్లెం మరమ్మతుకు వచ్చిందన్నమాట. దాంతో పెట్టె వయసు తేలదు. అదనపు బెజ్జాలు లేకపోతేనే అనుమానించాలి.

జిగురుదీ ఇదే కథ. పాత వడ్రంగులు వాడింది ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన జిగురు. ఎండితే గాజులా పెళుసు, తేనె రంగు. తెల్లటి ఫెవికాల్ వచ్చింది 1959లో. అతుకు సందుల్లో తెల్లగా, సాగే పొర కనిపిస్తే... పెట్టె కొత్తదైనా కావాలి, ఎవరో మరమ్మతు చేసైనా ఉండాలి.

చిరునామాకూ వయసుంటుంది

చెక్క, మేకు, జిగురు... ఇవన్నీ పాతిక, యాభై ఏళ్ల తేడాతో చెప్పే సాక్షులు. తారీఖు కచ్చితంగా చెప్పే సాక్షి కాగితం. చాలా పెట్టెల్లో అడుగున పరిచిన పత్రిక ముక్కో, లోపలి పలకకు అతికించిన కొట్టు చీటీయో ఉంటుంది. దాన్ని పీకొద్దు, తడపొద్దు. ఏటవాలుగా టార్చి వేసి చదవాలి.

ఈ ప్రాంతం వాళ్లకో అదృష్టం ఉంది. ఇక్కడి చిరునామా ఇన్నిసార్లు మారింది మరి! చీటీ మీద ధర్మవరమో, పెనుకొండో ‘బళ్లారి జిల్లా’లో ఉందని రాసుంటే అది 1882కు ముందటి లెక్క. ఆ ఏడే బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. ‘మద్రాసు’ పేరుంటే 1953 అక్టోబరు 1కి ముందు. ‘ఆంధ్ర రాష్ట్రం’ అని మాత్రమే ఉంటే 1953కూ 1956 నవంబరు 1కీ మధ్య... మూడేళ్ల సన్నటి సందు. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత. ‘చెన్నేకొత్తపల్లి మండలం’ అని ఉంటే 1985లో మండలాలు వచ్చాక. ‘శ్రీసత్యసాయి జిల్లా’ అని ఉంటే 2022 ఏప్రిల్ తర్వాత... అప్పుడు పాత సామాన్ల ఆసామి చెప్పిన ముప్పయ్యేళ్లు కూడా ఎక్కువే!

ధరలు ఇంకో గడియారం. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందటి చీటీ కావడానికే ఎక్కువ అవకాశం. ‘నయాపైసలు’ అని ఉంటే ఆ తర్వాత ఏడేళ్లలోపుది. 1964లో ‘నయా’ తీసేశారు. కొలబద్ద మీద అంగుళాలు మాత్రమే ఉన్నాయా, పక్కన సెంటీమీటర్లూ ఉన్నాయా చూడండి. మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో, అవి జనం చేతుల్లోకి వచ్చింది 1960ల తొలినాళ్లలో. అయితే అంగుళాల బద్దను పారేసి సెంటీమీటర్ల బద్ద కొన్న వడ్రంగి ఎవరైనా ఉన్నాడా అంటే... అనుమానమే. ఇప్పటికీ ద్వారబంధం కొలత అడిగితే అడుగులు, అంగుళాల్లోనే కదా చెప్పేది!

ఉలి మీద రైలు

మన పెట్టెలో నాలుగు ఉలులున్నాయన్నాం. అందులో ఒకదాని మీద అరిగిపోయిన అక్షరాలు. కాస్త సుద్దపొడి రాస్తే తేలతాయి... ‘ఎం.ఎస్.ఎం.’.

రైల్వే సొత్తు మీద కొట్టే ముద్ర అది. ఈ దారిని మొదట నడిపింది సదరన్ మరాఠా రైల్వే. 1908లో అది మద్రాస్ రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. అదే ఎం.ఎస్.ఎం. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడి దాన్ని తనలో కలిపేసుకుంది. గుంతకల్లు డివిజన్ 1977లో దక్షిణ మధ్య రైల్వేకి వెళ్లింది. అంటే ఉలి మీద ఆ మూడు అక్షరాలు 1908కీ 1951కీ మధ్య పడ్డాయన్నమాట.

ఉలి వయసు తెలిసింది సరే. పెట్టె వయసు? పనిముట్లు చేతులు మారతాయి. రైల్వే పాత సామాను వేలం వేస్తుంది, కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు. ఉలిని చూసి పెట్టెకు వయసు కట్టడమంటే జేబులో రూపాయి బిళ్లను చూసి చొక్కా వయసు చెప్పినట్టే.

అందుకే పెట్టెకూ ఉలికీ సంబంధం ఉందా అని వెతకాలి. పై అరలో ఉలులు గుచ్చే బద్ద ఉంది. బద్దలో నాలుగు గాళ్లు, ఒక్కోటి ఒక్కో వెడల్పు. ముద్ర ఉన్న ఉలి మూడో గాడిలో సరిగ్గా, ఈడ్చిపెట్టినట్టు కూర్చుంది. దాని కింద చెక్క మీద ఉలి ఆకారంలోనే నూనె మరక. బద్దను పెట్టెకు బిగించింది తీగ మేకులతో, పక్కన వేరే బెజ్జాలేవీ లేవు. ఇప్పుడు మాత్రం చెప్పొచ్చు... ఆ అర కట్టిన రోజున ఈ ఉలి పక్కనే ఉంది.

లోపలి పలక మీద ధర్మవరం కొట్టు చీటీ కూడా ఉందనుకుందాం. అనంతపురం జిల్లా, ధర అణాల్లో. అన్నీ కలిపితే... 1908కి ముందు కాదు, 1957 తర్వాత కాదు. జేజి మాటలో ‘తెల్లదొరల కాలం’ చాలావరకు నిలబడింది. రెండొందల ఏళ్లే నిలబడలేదు. ఆసామి ముప్పయ్యేళ్లు అసలే నిలబడలేదు.

ఒక్కటి మాత్రం తొందరపడి అనకూడదు... ‘మా ముత్తాత రైల్వేలో చేశాడు’ అని. ముద్ర ఉలికి పడింది, మనిషికి కాదు. ఆ సంగతి తేల్చేది పెట్టె కాదు. ఇంట్లో ఉండే పాత పింఛను కాగితమో, పాసో.

లెక్క రాసి పెట్టిన బెంజమిన్

ఇంత తిప్పలు లేకుండా వయసు తెలిసిన పెట్టెలూ ఉన్నాయి. ఇంగ్లండులో చాతమ్‌కు చెందిన బెంజమిన్ సీటన్ అనే కుర్రాడికి 1796 డిసెంబరులో తండ్రి వడ్రంగి పనిముట్ల సెట్టు కొనిచ్చాడు. మరుసటి ఏడాది ఆ అబ్బాయి వాటికోసం పెట్టె కట్టుకున్నాడు. ఊరుకోకుండా ఒక్కో పనిముట్టు పేరూ ధరా జాబితా రాసిపెట్టాడు. పెట్టె, పనిముట్లు, జాబితా మూడూ రోచెస్టర్‌లోని గిల్డ్‌హాల్ మ్యూజియానికి చేరాయి. 18వ శతాబ్దపు ఇంగ్లిషు పనిముట్ల గురించి పరిశోధించేవాళ్లకు అదో పెద్దబాలశిక్ష. అంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలిందంటే... బెంజమిన్ వాటిని పెద్దగా వాడలేదు!

స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిలో 1936లో ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఓక్ పెట్టె తగిలింది. చుట్టూ గొలుసు, లోపల వడ్రంగి, కమ్మరి పనిముట్లు కలిపి రెండొందలకు పైగా వస్తువులు. వెయ్యేళ్ల కిందటి వైకింగుల కాలం నాటివని తేలింది. చిత్తడి నేలలో ఉండబట్టి కొయ్య కూడా మిగిలింది. అనంతపురం ఎర్రనేలల్లో, చెదల మధ్య అలాంటిది ఆశించలేం. మనకు మిగిలేది అటక మీద, పొయ్యి పొగ తగులుతూ ఉన్నదే.

మన ఊరి వడ్రంగి జాబితా రాయలేదు. చాలామందికి రాయడం రాదు. వచ్చినవాళ్లు మూత లోపలివైపు బొగ్గుతోనో పెన్సిల్‌తోనో నాలుగు గీతలు గీశారు... ఎవరికెన్ని అడుగుల పలక, ఎంత బాకీ. అవి తెలుగు అంకెల్లో ఉంటే గరుకు కాగితం వాడడానికి ముందు మరోసారి ఆలోచించాలి. ఆ మనిషి చేతిరాత ప్రపంచంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

నూరేళ్లు నిండితే...

పెట్టె వయసు తేల్చుకోవడం సరదా వ్యవహారమే కాదు, చట్టంతోనూ పనుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. వాటిని వ్యాపారంగా అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి. మామూలు మనిషి వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న మనవడు ‘మా తాతల పెట్టె’ అంటూ ఓడలో వేసుకుపోదామనుకుంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి ముందుగా పత్రం తెచ్చుకోవాలి. మన పెట్టె 1908కీ 1957కీ మధ్యదని తేలింది కదా. అందులో నూరేళ్ల గీత ఎక్కడ పడుతుందో చూసుకోండి... ఇరవయ్యేళ్లు అటయితే ఒక కథ, ఇటయితే ఇంకో కథ.

కలప ఏమిటో తేల్చుకోవాలంటే బెంగళూరులోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థ ఉంది. చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి జాతి చెప్పగలరు. కార్బన్ పరీక్ష సంగతి చాలామంది అడుగుతారు. గత మూడు శతాబ్దాల వస్తువులకు అది కచ్చితంగా చెప్పలేదు. పైగా అది చెప్పేది చెట్టు పెరిగిన కాలం, పెట్టె కట్టిన కాలం కాదు. కూలిన ఇంటి దూలంతో పెట్టె కట్టుకున్న వడ్రంగులు తక్కువేం కాదు.

ధర మాటకొస్తే... హైవే మీద బెంగళూరు ఓ పూట ప్రయాణం. పాత తలుపులు, స్తంభాలు కొనే కొట్లు అక్కడా ఉన్నాయి, కారైకుడిలోనూ ఉన్నాయి. వార్నిష్ పూసిన ఖాళీ పెట్టె అక్కడ టీపాయ్ అవుతుంది. పనిముట్లు వేరుగా, పెట్టె వేరుగా అమ్ముడైతే మూడో గాడికీ ఆ ఉలికీ ఉన్న సంబంధం అక్కడితో తెగిపోతుంది. మళ్లీ ఎవరూ అతకలేరు. అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం, అవసరం. అమ్మినా కలిపే అమ్మడం, అమ్మేముందు జేజిని కూర్చోబెట్టి ఆవిడ చెప్పేది రాసుకోవడం ఖర్చు లేని పనులు.

మామ గురించి అడిగితే ఆవిడ ముందు ఏం చెబుతుందో తెలియదు. ఏ ఊళ్లో పనిచేశాడో, కూలి గింజల్లో తెచ్చేవాడో నోట్లలో తెచ్చేవాడో అడగండి. ఆయన ఎడమచేతి వాటమేమోనని కూడా అడిగి చూడండి. ఎందుకంటే మన పెట్టె మూత అంచు అరిగింది కుడివైపు కాదు, ఎడమవైపు.